కొంగ వేషం కట్టిన కత్తెర

నేను ఒక కత్తెరను. నోరు పెద్దదే అయినా మాట్లాడటం ఇదే మొదలు. పాత లారీ ఇనుమును కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. తెనాలి దర్జీ మస్తాన్ వలి గారు నన్ను కొన్నారు. ఎన్ని పెళ్ళి జాకెట్లు కత్తిరించామో మా ఇద్దరికీ లెక్కలేదు.

తర్వాత ఆయన కుడిచేతికి వణుకు వచ్చింది. మనుషులు అంత తేలిగ్గా ఒప్పుకుంటారా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, కత్తెర మొద్దుబారిందని నన్ను పదేపదే సాన పట్టించారు. నేను అరిగాను గాని గీత మీద నడవలేదు. చివరికి కొట్టు తమ్ముడికి అప్పగించి, నన్ను సొరుగులో పడేశారు. ఆ చెయ్యి నలుగురి కంటా పడుతుందని పెళ్ళికి పిలిచినా పంక్తిలో కూర్చునేవారు కాదు. నాకు ఆయన మీద కోపం పోయి జాలి వేసింది.

ఆయన కూతురు షమీమ్ బొమ్మల సినిమాలు తీస్తుంది. ఒకరోజు నన్ను బయటికి తీసి కొంగ వేషం కట్టించింది. మొనలు కాళ్ళు, పిడి రింగులు కళ్ళు. నీలిగుడ్డ ఆకాశం మీద నేను నడవాలి, దాన్ని కత్తిరించాలి, ఆ చీలికలోంచి చొక్కాలు గుంపుగా ఎగిరిపోవాలి. నన్ను గింజంత జరపడం, ఫొటో తీయడం, మళ్ళీ జరపడం. ఆ ఫొటోలు వరసగా తిప్పితే నేనే నడిచినట్టు ఉంటుంది. తీరా చూస్తే నా నడక కొత్త పెళ్ళికొడుకు నడకలా బిగుసుకుపోయి ఉంది.

"నాన్నా, నువ్వు జరుపు," అంది షమీమ్.

"నా చెయ్యి సంగతి నీకు తెలీదా అమ్మా? పని చెడిపోద్ది."

"ఆ వణుకే కావాలి నాన్నా. ఈ కొంగ నువ్వే."

ఆయన ముఖం మాడిపోయింది. "నలుగుర్లో నన్ను నవ్వులపాలు చేస్తావా?" అని లేచిపోయారు.

తండ్రీకూతుళ్ళకు మాటల్లేవు. షమీమ్ ఒక్కతే నాతో కుస్తీ పట్టింది. గుమ్మంలోంచి చూసి చూసి ఆయన ఇక ఉండబట్టలేకపోయారు.

"కత్తెర్ని అట్టాగా పట్టుకునేది? ఇటియ్యి," అని లాక్కున్నారు. ఆ చేతిలో వణుకుతూ, తడబడుతూ నేను ఆకాశమంతా నడిచాను.

గుంటూరులో సినిమా వేశారు. ముందు బల్ల మీద నన్నూ కూర్చోబెట్టారు. ఆట అయ్యాక, కొంగంటే స్త్రీ స్వేచ్ఛ అన్నారు చూసినవాళ్ళలో ఒకరు. కాదు, ప్రభుత్వమన్నారు ఇంకొకరు. నాకు నవ్వాగలేదు. అంతలో ఒకావిడ లేచి, "కొంగకి ఆ వణుకు ఎందుకు పెట్టారు?" అని అడిగింది.

షమీమ్ ఇరకాటంలో పడింది. చెబితే నాన్న నొచ్చుకుంటాడు, చెప్పకపోతే తీసిన సినిమాకి అర్థం లేదు. వెనక వరసలోంచి మస్తాన్ వలి గారు లేచి, కుడిచెయ్యి పైకెత్తారు.

"పెట్టింది కాదండీ. నాదే," అన్నారు.

హాలంతా తిరిగి చూసింది. చెయ్యి వణుకుతూనే ఉంది. ఆయన దించలేదు.