మధ్యలో అతికినవి

ఆ పొద్దున నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. మబ్బు మాత్రం కదల్లేదు. ఎండా కాదు, వానా కాదు, బట్టలు ఆరేయాలో వద్దో తేలనివ్వని ఆకాశం. ఉతికిన బట్టల బకెట్టు దండెం కింద వదిలేసి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. తొమ్మిదన్నా కాకముందే అది మూడోసారి.

పెరటి రేకుల షెడ్డులో మా లారీ చుట్టూ మనుషులున్నారు. ముందు ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలం లారీ. మా మామగారు అరవై నాలుగులో కొన్నది. పాతికేళ్ళుగా ఎరువుల బస్తాలకీ కోళ్ళకీ నీడనిచ్చింది. ఈ ఏడాది మా ఆయన ధనుంజయరావుకి దాని మీద మనసు మళ్ళింది. సంక్రాంతి పోయాక బెజవాడలో పాత బళ్ళ ప్రదర్శన పెడుతున్నారట. ఫోన్లోనే పేరు ఇచ్చేశాడు. అందులో రెండు రకాలున్నాయి. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నవి ఒక వరస, తిరిగి తిరిగి మరమ్మతులు పడ్డవి ఇంకో వరస. ఆయన మొదటి వరసలో చేర్చాడు. బాగుచేయడానికి నరసరావుపేట నుంచి సుహైల్ ఒక పనివాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

నేను టీ గ్లాసులు పట్టుకెళ్ళేసరికి ఆయన లారీ చుట్టూ తిరుగుతూ చెబుతున్నాడు. "కంపెనీ గేటు దాటిన రోజు ఎట్టుందో అట్టుండాల. మధ్యలో అతికిందంతా తీసి పారెయ్."

సుహైల్ చేతిలో సుద్దముక్క ఉంది. తీసేయాల్సిన చోటల్లా అడ్డగీతలు కొడుతున్నాడు. పదకొండింటికి గ్యాస్ కట్టర్ వస్తుందట.

"చానా ఏళ్ళు తోలినట్టున్నావే బాబాయ్," అన్నాడు సుహైల్.

"పదేళ్ళు. మాచర్ల నాపరాళ్ళేసుకుని గుంటూరు దాకా ఒంటిచేత్తో తోలా."

"క్లీనర్ లేకుండానే?"

"ఎవడూ నిలవలా," అని మా ఆయన గ్లాసు అందుకున్నాడు. "చక్కెర తక్కువేశావేందే," అన్నాడు నాతో.

నిజమే, ఎవడూ నిలవలేదు. ఎనభై నాలుగులో మూడో క్లీనర్ కూడా నడికుడి గేటు దగ్గర దిగి, బీడీ కొనుక్కొస్తానని రైలెక్కి పోయాడు. మర్నాటి నుంచి నేను ఎక్కాను. మా అత్త సీతమ్మ గుమ్మంలో నిలబడి, "ఆడది లారీ ఎక్కి ఊళ్ళమ్మట తిరిగిద్దా, మన ఇంటా వంటా ఉందా," అంది. ఆయన, "జీతమివ్వకుండా మనిషి దొరికితే చేదా," అని నవ్వాడు. ఆ మాటకి నేనూ నవ్వాను. అప్పుడు నాకు ఇరవై ఒకటి. నాపరాళ్ళని బల్లపరుపుగా పేరిస్తే అడుగువి పగులుతాయి. పుస్తకాల్లా నిలువునా పేర్చి, రాయికీ రాయికీ మధ్య వరిగడ్డి దూర్చాలి. ఆ గడ్డి పని నాది. పొద్దున ఇంజన్లో నీళ్ళు పోయడం, టైర్లని ఇనపరాడ్డుతో కొట్టి చప్పుడు వినడం, ఎత్తు రోడ్డు మీద బండి ఆగితే దూకి వెనక చక్రానికి చెక్కదిమ్మ పెట్టడం నావి. ఇంటికొచ్చాక వంట కూడా నాదే. ఆయన మంచం మీద నడుం వాల్చి, "రెండు రోజులు స్టీరింగు పట్టుకుని చేతులు పడిపోయినయ్," అనేవాడు. మా అత్త వేణ్ణీళ్ళు తోడమనేది, కొడుక్కి.

అయినా ఆ రోజులంటే నాకు కోపం లేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. రోడ్డు మీద ఆయన వేరే మనిషి. ఇంట్లో "ఏమే" అనేవాడు, బండెక్కితే "ఒరేయ్ క్లీనరూ" అనేవాడు. "ఒరేయ్ క్లీనరూ, ఎనక ఏవన్నా వస్తందా చూడరా." నేను కిటికీలోంచి సగం బయటికి వంగి, కొంగు నడుముకి బిగించి, "రానీ, రానీ, రైట్," అని తలుపు మీద అరచేత్తో కొట్టేదాన్ని. ఆ చప్పుడుకి అంత పెద్ద లారీ కదిలేది. నా చెయ్యి కొట్టిన చప్పుడుకి ఇంట్లో ఏనాడూ ఏదీ కదల్లేదు. మధ్యాహ్నం ఏ కాలవ గట్టునో ఆపి, ఒకే గిన్నెలో కలుపుకుని తినేవాళ్ళం. నేను లారీ మెట్టు మీద, ఆయన నేల మీద చక్రానికి ఆనుకుని. ఊరు చేరగానే మళ్ళీ మగవాళ్ళ భోజనాలయ్యాక నా కంచం. ఆ తేడా ఆయనకి తెలిసి ఉండదనే అనుకుంటాను.

ఇప్పుడు ఆ మెట్టు మీదే సుద్దగీత ఉంది.

అది ఎడమ తలుపు కింద, మామూలు మెట్టు కంటే జానెడు కిందికి అతికిన ఇనప పలక. ఎనభై ఆరులో మా అమ్మాయి కావ్య కడుపులో ఏడో నెల. సాగర్ రోడ్డు ఎత్తులో చెక్కదిమ్మ పట్టుకుని దూకి, పడ్డాను. ఏమీ కాలేదు. ఆయన భయపడ్డాడు గానీ పైకి, "చూసుకుని దిగలేవా," అని అరిచాడు. ఆ వారమే నరసరావుపేటలో బండాపి, ఏమీ చెప్పకుండా ఈ పలక అతికించాడు. ఆ పలకని ఆయన మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు. ఇంకో గీత పైకప్పు దూలానికున్న కొక్కెం మీద. పుట్టిన ఐదో నెల నుంచి కావ్య నిద్రంతా ఆ కొక్కేనికి కట్టిన పాత చీరలోనే. ఇంకోటి తలుపు మీద నూనెడబ్బా రేకు మాసిక మీద. ఆ మేకులు నేను కొట్టినవే, వంకరగా ఉంటాయి. ఎవరో వచ్చి నా ఒంటి మీద కొలతలు తీసుకుని, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని గీతలు పెట్టినట్టుంది.

సుహైల్ మెట్టు దగ్గర గొంతుక్కూచుని దాని అంచుని వేలితో తడిమాడు. "పిన్నీ, ఇది మా నాన్న చేతి వెల్డింగు. ఆయన ఎక్కడ అతికినా చివర ఇట్టా చుక్క వదిలేవాడు." కాసేపు చూసి, లేచి, మా ఆయన వైపు తిరిగాడు. "పీకటానికి చేతులు రావట్లా బాబాయ్."

"మీ నాన్న మీద ప్రేముంటే ఇంటికి పట్టుకుపో," అన్నాడు మా ఆయన. "నాకు మాత్రం కంపెనీదే ఉండాల."

గ్లాసులు ఏరుకుని లోపలికొచ్చాను. సింకు దగ్గర నిలబడితే మా అత్త మాట గుర్తొచ్చింది. తొంభై మూడులో ఆమెకి పక్షవాతమొచ్చాకే నేను లారీ దిగాను. ఆరేళ్ళు ఆమె కాళ్ళకి నూనె రాశాను. నోరు మాత్రం పోలేదు. "లారీ కొన్నానని మీ మామ తలకాయా ఎన్నుపూసా తెచ్చాడే," అనేది, "మిగతా ఒళ్ళేదయ్యా అని అడిగా." పోయే ముందు తన పెట్టె తాళం కూతురికివ్వకుండా నాకిచ్చింది. ఎందుకో చెప్పలేదు.

చేతులు తుడుచుకుని ఆ పెట్టె తీశాను. చీరల అడుగున ఫొటో ఉంది. అంచులు చీకిపోయాయి. పట్టుకెళ్ళి లారీ ముక్కు మీద పెట్టాను.

ఫొటోలో లారీకి ముక్కుంది, చక్రాలున్నాయి, వెనక పొడుగ్గా రెండు ఇనప కమ్ములున్నాయి. అంతే. తలుపు లేదు, కప్పు లేదు, సీటు లేదు. స్టీరింగు వెనక ఒక చెక్కపెట్టె, దాన్ని మోకుతో కట్టేశారు. దాని మీద మా మామగారు, తలకి తువ్వాలు, మెడలో బంతిపూల దండ.

"కంపెనీ ఇచ్చింది ఇది," అన్నాను. "మద్రాసు నుంచి రెండు రోజులు ఎండలో ఇట్టానే తోలుకొచ్చారంట. ముఖమంతా తోలు లేచిందంట. తర్వాత మూడు నెల్లు నరసరావుపేటలో ఆరోగ్యస్వామి అనే వడ్రంగి దగ్గర పెడితే, ఆయన కట్టాడు ఈ గది, ఈ తలుపులు, ఎనకున్న తొట్టి. మీరు అప్పుడు ఐదేళ్ళ పిల్లోడు."

"నీకెవరు చెప్పారు?"

"మీ అమ్మ."

సుహైల్ తలుపు అంచు గోటితో గీకాడు. రంగు కింద చెక్క కనబడింది. "నాకూ అనుమానంగానే ఉంది బాబాయ్. నువ్వు అంత గట్టిగా చెప్తంటే నోరు రాలా. అప్పట్లో కంపెనీలు ముక్కూ కమ్ములే ఇచ్చేవంట."

మా ఆయన ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. వాళ్ళ నాన్న వయసు అందులో ముప్పై ఉంటుందేమో. "పేరు ఇచ్చేశా గదా," అన్నాడు చివరికి, ఎవరితోనో అన్నట్టు. "ఇప్పుడేం జెయ్యమంటావ్?"

నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఆ ప్రశ్న అడిగింది అదే మొదలు. చెప్పాల్సింది ముందే తయారై ఉంది.

"కంపెనీదే కావాలంటే ఈ గది మొత్తం పీకించండి. మీ నాన్నలాగా పెట్టె మీద కూచుని బెజవాడ దాకా తోలండి, తువ్వాలు నేనిస్తా. అట్టా కాదంటే ఫోన్ చేసి రెండో వరసలోకి మార్పించండి. మార్పిస్తే బండి ముందు పెట్టే అట్ట మీద మీ పేరు కింద ఇంకోటి రాయించాల. క్లీనర్ హైమావతి, ఎనభై నాలుగు నుంచి తొంభై మూడు దాకా."

పనివాడు నవ్వబోయి సుహైల్ ముఖం చూసి మానుకున్నాడు. మా ఆయన ఏమీ అనలేదు. అలా ఏమీ అనకపోవడానికి ఇంట్లో ఒకే అర్థం ఉంటుంది, కాదు అని. రోడ్డు మీద వేరేది. అక్కడ ఏమీ అనకపోతే, సరే, నేను చూసుకుంటున్నానని. ఇది ఏదో నాకు తెలియలేదు. తెలిసేదాకా ఆగదలుచుకోలేదు కూడా.

దండెం కింది బకెట్టులోంచి ఆయన పాత పంచె ముక్క తీసి పిండుకొచ్చాను. ముందు మెట్టు మీది గీత తుడిచాను. తర్వాత తలుపు మీది మాసిక. సీటెక్కి కొక్కెం మీదిది తుడుస్తుంటే వేలికి తుప్పు అంటింది. కిందికి దిగేటప్పుడు చూసుకోకుండానే కాలు ఆ జానెడు కింది పలక మీద పడింది. ఎవరూ నన్ను ఆపలేదు. సుహైల్ ఫోన్ తీసుకుని గేటు దాకా నడిచి, గ్యాస్ కట్టర్ వాణ్ణి ఇవాళ రావద్దన్నాడు.

ఒంటిగంటకి అన్నం, గోంగూర పప్పు, మజ్జిగ షెడ్డులోకే మోసుకొచ్చాను. గిన్నెలు మధ్యలో పెట్టి నాలుగు కంచాలు పరిచాను. మూడు కాదు, నాలుగు. నాది నేను కలుపుకుని మెట్టు మీద కూచున్నాను. ఆ మెట్టు ఇప్పటికీ నా ఎత్తుకే ఉంది. సుహైల్, పనివాడు గోనెపట్టా మీద సర్దుకున్నారు. మా ఆయన కాసేపు కంచం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వచ్చి ముందు చక్రానికి వీపు ఆనించి నేల మీద కూచున్నాడు.

రేకుల మీద మళ్ళీ నాలుగు చినుకులు పడ్డాయి. ఆయన కంచంలో అన్నం అయిపోయింది. అలవాటుగా తలెత్తి నా వైపు చూశాడు. నేను తింటూనే ఉన్నాను. ఆయన గిన్నె వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. చక్రం మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా లేచి, గరిటె వెతుక్కున్నాడు.