ఎక్కన్నా, దింపుతా

గుమ్మఘట్ట నుంచి రాయదుర్గం వైపు పోయే రోడ్డు మీద ఊరికే పరిగెత్తే మనిషి అంతవరకూ పుట్టలేదు. ఆ రోడ్డు మీద మనిషి పరుగు తీశాడంటే బస్సు వెళ్లిపోతుండాలి, గొర్రెల మందలో కుక్కలు పడి ఉండాలి, లేదా ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చి ఉండాలి. ఇవేవీ లేకుండానే ఆటో తిప్పేష్ ఒక తెల్లవారుజామున లుంగీ విప్పి, కొడుకు పాత ప్యాంటు తొడుక్కుని పరుగందుకున్నాడు. ఊరికి అర్థం కాలేదంటే ఆ తప్పు ఊరిది కాదు.

తిప్పేష్ సిగరెట్లు మానేసి మూడు నెలలైంది. బళ్లారిలో డాక్టరు ఎక్స్‌రే చూపించి, ఇంకా తాగితే మెట్లెక్కే ఆశ వదులుకోమన్నాడు. భయపడి ఆ రోజే మానేశాడు. అయితే అలవాటైన చెయ్యి ఖాళీగా ఊరుకుంటుందా? ఆటోస్టాండులో కూర్చుని వేయించిన శనక్కాయలు, బొరుగుల ఉగ్గాణి, దాంట్లోకి మిరపకాయ బజ్జీలు లాగించేవాడు. పొట్ట పెరిగి పెరిగి, మలుపు తిప్పినప్పుడల్లా ఆటో హ్యాండిల్ వచ్చి బొడ్డుకు తగిలేది. ఈసారి డాక్టరు, పొద్దున్నే పరిగెత్తమన్నాడు.

తన సంగతి తిప్పేష్‌కు బాగా తెలుసు. ఇదివరకు కూడా మానేశాడు. మానినప్పుడల్లా పొట్ట వచ్చేది. "తాగేటప్పుడే సన్నగా ఉంటి" అనే సాకు దొరికేది. ఆ సాకుతోనే మళ్లీ వెలిగించేవాడు. ఈసారి పొట్ట గెలిస్తే సిగరెట్టు గెలిచినట్టే.

పెళ్లాం గంగాదేవికీ ఇది తెలుసు. "నమ్మీ నమ్మీ అలిసిపోయినా. ఈసారి నమ్మను. మానితే మాను, తాగితే తాగు, నీ ఇష్టం," అనేసింది. అన్నట్టే రోజూ సాయంత్రం అతను విప్పిన చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి గానీ బకెట్లో వేసేది కాదు. తిప్పేష్‌ను ఎక్స్‌రే కంటే ఆ వాసన చూడటమే ఎక్కువ బాధించింది. కానీ ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

మొదటిరోజు ఊరి పొలిమేర దాటాడో లేదో, వెనకనుంచి అదే ఊరి మల్లికార్జున బైకు వచ్చి ఆగింది.

"ఏమన్నా, ఆటో నిలబడిపోయిందా? ఎక్కు, దింపుతా."

"లేదప్పా, పరిగెత్తుతాండా."

"అదే అడుగుతాండా, పరిగెత్తేంత పని ఏమొచ్చె? ఎక్కన్నా!"

అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, ఆ రోడ్డు మీద అడక్కుండానే ఎక్కించుకుంటారు. వద్దంటే వడ్డించిన విస్తరి తోసేసినట్టే. అందులోనూ మల్లికార్జున తల్లికి కడుపునొప్పి వచ్చిన రోజున పైసా తీసుకోకుండా ఆసుపత్రికి చేర్చింది తిప్పేషే. ఆ మొహమాటంలో ఎక్కాడు. రోడ్లు కలిసే క్రాస్ దగ్గర దిగి వెనక్కి నాలుగు అంగలు వేశాడో లేదో, బయ్యన్న పాలవ్యాను ఆగింది. బయ్యన్న ఇంకా మర్యాదస్తుడు, తెచ్చి ఇంటి గడప ముందే దింపాడు.

వాకిలి ఊడుస్తున్న గంగాదేవి చీపురు పట్టుకుని అలాగే చూసింది. "పరిగెత్తేదానికి పోయి పాలవ్యాన్లో దిగినావే! బాగుండాది నీ పరుగు."

మరుసటి రోజు ట్రాక్టరు, ఆ మరుసటి రోజు ఇటికెల లారీ. ఇన్నేళ్లూ తన ఆటో ఎక్కినవాళ్లంతా రుణం తీర్చుకోవడానికి పోటీలు పడుతున్నట్టుంది. రోడ్డు వదిలేసి చేను గట్లమీద ప్రయత్నిస్తే, మేకలు తోలుకుపోతున్న మారెక్క అంత దూరం నుంచే, "ఏమప్పా తిప్పేషూ, కడుపు బాగలేదా?" అని ఊరంతా వినబడేలా పలకరించింది. సిగ్గుతో మళ్లీ రోడ్డెక్కాడు. మళ్లీ బైకెక్కాడు.

ఇంతలో పెళ్లి బాడుగలు వచ్చి పరుగు కొన్నాళ్లు ఆగింది. బాడుగలు అయిపోయిన రోజు మధ్యాహ్నం రాయదుర్గంలో శనక్కాయల మండీ దగ్గర ఆటో ఆపి, మూటలు తూచే కాటా ఖాళీగా ఉందని పోయిన నెలలాగే ఎక్కి నిలబడ్డాడు. పక్కనున్న హమాలీ ఎర్రన్న ముల్లు చూసి పకపకా నవ్వాడు. "పోయిన నెల కన్నా పెరిగిండావు కదన్నా! ఇంగ నిన్ను మొయ్యాలంటే ఇద్దరు కావాల."

తిప్పేష్‌కు ఒళ్లు మండింది. ఇంత కష్టపడి పరిగెత్తితే ఇదా ఫలితం అనుకున్నాడు. పరిగెత్తింది బైకులూ వ్యాన్లూ అన్న సంగతి ఆ కోపంలో ఎక్కడ గుర్తొస్తుంది? తాగేటప్పుడే సన్నగా ఉంటి. ఆ పాత సాకు పిలవని చుట్టంలా వచ్చి పక్కన కూర్చుంది. ఒక్కటి తాగితే ఏమౌతుంది? ఒక్కటే.

ఊళ్లో సిగరెట్ల బంకులో అడగలేడు, ఇవ్వొద్దని తానే ఒట్టు వేయించాడు. క్రాస్ దగ్గర ఐజాక్ టీ బంకు ఉంది. ఆటో తీస్తే గంగాదేవి ఎక్కడికని అడుగుతుంది, పరుగంటే అడగదు. పొలిమేర దాటితే ఎవరో ఒకరు ఎక్కించుకోనే ఎక్కించుకుంటారు. సాయంత్రం ప్యాంటు తొడుక్కుని, "పరిగెత్తొస్తా" అని బయటపడ్డాడు.

పొలిమేర దాటగానే అనుకున్నట్టే మల్లికార్జున వచ్చాడు. తిప్పేష్ చెయ్యి ఎత్తాడు. బైకు కొంచెం నెమ్మదించింది గానీ ఆగలేదు.

"పరిగెత్తన్నా, పరిగెత్తు! నిన్ను ఎక్కించుకోవద్దని గంగక్క చెప్పిండాది!" అంటూ వెళ్లిపోయాడు.

ట్రాక్టరువాడు చెయ్యి ఊపి పోయాడు. పాలవ్యాను కిటికీలోంచి బయ్యన్న తల బయటపెట్టి, "నిన్ను ఎక్కిస్తే రేపట్నుంచి నా వ్యానుకు మీ పాలు పొయ్యనన్నాదన్నా అక్క! నా పొట్ట కొట్టొద్దు!" అని అరిచి మరీ దాటిపోయాడు.

సిగరెట్టు యావ ఒకవైపు, కోపం ఒకవైపు. తిట్టుకుంటూ పరిగెత్తాడు. గాలిమరలు దాటాడు, ఎండిన వంక దాటాడు. డొక్కల్లో పొడిచింది, తర్వాత ఆ పొడుపు దానంతటదే పోయింది. తిట్లు కూడా ఎక్కడో ఆగిపోయాయి. క్రాస్ చేరేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

"ఏమన్నా, ఎవరికన్నా బాగలేదా?" అని ఐజాక్ కంగారుపడ్డాడు.

తిప్పేష్ మాట్లాడలేక సిగరెట్టు వైపు వేలు చూపించాడు. ఐజాక్ ఒకటి తీసి చేతిలో పెట్టాడు. పెట్టాడు గానీ, లోపలికి పీల్చడానికి ఊపిరేదీ? "ముందు నీళ్లియ్యప్పా," అని చెంబెడు నీళ్లు తాగి బెంచీ మీద కూలబడ్డాడు. నెమ్మదిగా ఆయాసం తగ్గింది. ఒక ఊపిరి కడుపు అడుగుదాకా దిగింది, ఎక్కడా గరగర లేకుండా. ఇంకొకటి పీల్చి చూశాడు. అదీ అంతే. ఎన్నేళ్లయిందో అలాంటి ఊపిరి పీల్చి! వచ్చిన దారి చూశాడు. ఆ గాలిమరల అవతలనుంచి, ఎక్కడా ఆగకుండా, తన కాళ్లమీదే వచ్చాడు.

అప్పుడు గంగాదేవి గుర్తొచ్చింది. బైకువాణ్ని, ట్రాక్టరువాణ్ని, పాలవ్యానువాణ్ని, ఒక్కొక్కరినీ పట్టుకుని చెప్పుకుంది. నమ్మను అన్న మనిషి చేసే పనా ఇది? చేతిలో సిగరెట్టు చెమటకు నాని వంగిపోయింది. దాన్ని బంకు బల్ల మీద పెట్టి, దుడ్లిచ్చి లేచాడు.

"బైకు మీద దింపేదాన్నా?" అన్నాడు ఐజాక్.

"వద్దప్పా. పరిగెత్తే పోతా."

ఇంటికొచ్చేసరికి గంగాదేవి వాకిట్లో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది.

"యాళగాని యాళ ఏం పరుగు?"

"తాగేదానికే పోయినా," అన్నాడు తిప్పేష్.

ఆమె చేతులు ఆగిపోయాయి. "తాగినావా?"

"లేదు. నువ్వు తాగనిస్తివా? దోవలో ఒక్కడన్నా ఎక్కించుకోలేదు. నమ్మనంటివి కదే, మరి ఊరందరికీ ఎందుకు చెప్తివి?"

"నమ్మనంటేనైనా నీకు రోషమొస్తాదని అంటిని," అంది ఆమె చేటలోకి చూస్తూ. "నమ్మకుండా యాడికి పోతా నేను?"

తిప్పేష్ చొక్కా విప్పి, రోజూలాగే ఆమెకు అందించాడు. గంగాదేవి దాన్ని ముక్కు దగ్గరికి తీసుకుపోలేదు. నేరుగా బకెట్లో వేసింది.

"వాసన చూడవా?"

"చూసేదేముండాది? పోయి నీళ్లు పోసుకో," అంది. "పొద్దున్నే లేపుతా."