లేవని లిఫ్టు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నిడమనూరు మత్తయ్యకు ఈ మాట తెలియక కాదు. తన ట్రాక్టరుకు ఏమన్నా అయితే మాత్రం ఆయనకు ఒళ్లు తెలియదు. పాతికేళ్ల బండి అది. పదకొండేళ్లుగా దాన్ని నడుపుతున్నవాడు తండా నుంచి వచ్చే గేమ్యా.

మొన్న కిరాయికి సాలమ్మ పొలంలో దమ్ము చేస్తుండగా ట్రాక్టరు లిఫ్టు మొరాయించింది. వెనక బురద కలియదున్నే రోటవేటరు సగం దాకా లేచి ఆగిపోయింది. గట్టు మీద నిలబడ్డ మత్తయ్యకు తెలిసిన వైద్యం ఒకటే: ఆయిల్ తక్కువైతే లిఫ్టు లేవదు. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే సరిపోయేది. చూడలేదు. పక్క మడిలో ఇరవై మంది ఆడవాళ్లు నాటేస్తున్నారు, వాళ్లలో గేమ్యా భార్య చాందీ కూడా ఉంది. అందరూ వినేటట్టు, "ఆయిల్ ఎవనికమ్ముకున్నవ్‌రా, దొంగ!" అనేశాడు.

గేమ్యా ఏదో చెప్పబోయి ఆగాడు. తాళంచెవి బానెట్ మీద పెట్టి గట్టు వెంట నడిచి వెళ్లిపోయాడు. చాందీ వంచిన నడుము ఎత్తలేదు.

ఈ పొద్దున మిర్యాలగూడ నుంచి మెకానిక్ మంగయ్య ఇంటికే వచ్చాడు. వస్తూనే పుల్ల తీసి చూశాడు. ఆయిల్ గీత దాకా ఉంది.

"నిండుగనే ఉన్నది గదనే," అన్నాడు.

మత్తయ్య పుల్ల అందుకుని తనూ చూశాడు. మంగయ్య అడిగాడు:

"లేసినంక ఇంజన్ ఆపితే దిగుతున్నదా?"

"దిగదు. గాడనే నిలబడ్తది."

"జరసేపాగి మల్ల స్టార్ట్ చేస్తే?"

"ఒకటి రెండుసార్లు మంచిగ లేస్తది. ఇగ మల్ల గదే కత."

"గట్లైతే పంపు మంచిగనే ఉన్నది. ఆయిల్ గుంజేకాడ ఏదో అడ్డం పడుతున్నది. గుంజంగనే అతుక్కుంటున్నది, ఆపంగనే ఊడుతున్నది."

ఆయిలంతా టబ్బులోకి దింపి, ఆయిల్ వడపోసే లోపలి జల్లెడ బయటికి తీశాడు. దానికి జానెడు గుడ్డముక్క చుట్టుకుని ఉంది. డీజిల్‌లో జాడిస్తే నలుపు వదిలి ఆకుపచ్చ గళ్లు బయటపడ్డాయి.

మత్తయ్యకు అంతా గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఆయిల్ పోసే చోట మూత పోతే, కట్టుకున్న లుంగీ కొస చింపి కుక్కింది తనే. కొత్త మూత తెచ్చిననాడు చూస్తే గుడ్డ లేదు. ఎక్కడో పడిపోయిందిలే అనుకున్నాడు. పడింది లోపలే. ఖర్మ కొద్దీ ఇవాళ కట్టుకున్నదీ ఆ లుంగీనే. చిరిగిన కొసను గబగబా లోపలికి మడిచి దోపుకున్నాడు.

"ఎంత దోపినా గళ్లు కలుస్తున్నయే అన్నా," అని నవ్వాడు మంగయ్య. తర్వాత జాలిపడి, "పోనీ తియ్యి, ఎవరన్న అడిగితే పంపు అరిగిందని చెప్త," అన్నాడు.

మత్తయ్య సరేనని తల ఊపాడు. ఊపినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

చాయ్ తెచ్చిన భార్య బాలమ్మ అంతా వింది. "మొన్న గేమ్యా మీద పెట్టినవ్, ఇయ్యాల పంపు మీద పెడ్తున్నవ్. నీ మీద ఎప్పుడు పెట్టుకుంటవయ్యా?" అంది. మత్తయ్య చాయ్ ముట్టకుండానే లేచాడు.

గుడ్డముక్క జేబులో పెట్టుకుని సాలమ్మ పొలానికి వెళ్లాడు. నిన్నటి నుంచి గేమ్యా అక్కడే, నాటేసేవాళ్లకు నారు కట్టలు అందిస్తున్నాడు. మత్తయ్య అతన్ని గట్టు మీదికి పిలిచి, మెల్లగా, "లిఫ్టు బాగైంది. రేపటి సంది రా," అన్నాడు.

"దొంగ అన్నది అందరి ముందల. రమ్మనుడు మాత్రం చెవిలనా, కాకా?"

నేల చీలితే బాగుండనిపించింది. చీలలేదు. మత్తయ్య గుడ్డముక్క తీసి, లుంగీ కొస పక్కన పెట్టి పైకెత్తి పట్టుకున్నాడు.

"అమ్మా, జర ఇటు సూడుండ్రి! గేమ్యా ఆయిల్ ముట్టలె. ఈ గుడ్డ నాది. కుక్కింది నేనే, మర్సింది నేనే. ఊకెనే దొంగ అన్న."

నాటేసే చేతులు ఆగాయి. లుంగీ చూసి ఎవరో కిసుక్కున నవ్వారు. చాందీ నడుము ఎత్తి చూసింది. ఆమె నవ్వలేదు.

"గుడ్డ సంగతి నాకు మొన్ననే మతికొచ్చింది కాకా," అన్నాడు గేమ్యా, ఈసారి మెల్లగా.

"మరి జెప్పొద్దారా?"

"కొత్త మూత పెట్టిన్నాడు గుడ్డ తీసినవా అని అడిగిన. తీసిన అన్నవ్. గంత మంది ఆడోళ్ల ముందల నువ్వు అబద్ధమాడినవని ఎట్ల అనాలె? పోనీ ఇంటికొచ్చి జెప్తమంటే, దొంగ అన్నోని గడప ఎట్ల తొక్కాలె?"

మత్తయ్య జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి తీసి గట్టు మీద పెట్టాడు. గేమ్యా దాన్ని చూసి కూడా నారు కట్ట అందుకుని మడిలోకి దిగాడు.

నాటు అయ్యేదాకా మత్తయ్య అక్కడే కూర్చున్నాడు. చిరిగిన కొసను మళ్లీ దోపుకోలేదు.