వెనక వరసకి పదకొండు మంది

ఇంగ్లండు దేశమంతా జల్లెడ పట్టినా, బందరు పక్కన మన పల్లెపాలెంలో ఉన్నంత మంది వెనక వరస ఆటగాళ్ళు దొరకరు. ఇది గాలికబురు కాదు. నమ్మనివాళ్ళు ఏ రోజైనా పొద్దున్నే ఇసక మీదకి వచ్చి లెక్కపెట్టుకోవచ్చు.

వెనక వరస అంటే ఏమిటో ముందు చెప్పాలి. రగ్బీ అని ఒక ఆట ఉంది. బంతి బాతుగుడ్డులా ఉంటుంది, ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. అందులో ఎనిమిది మంది ఒకరినొకరు పెనవేసుకుని, తల వంచి, అవతలి ఎనిమిది మందిని నెడతారు. ముందు ముగ్గురు, మధ్యలో ఇద్దరు, వెనక ముగ్గురు. వెనక ముగ్గురికి రెండు పనులు. నెట్టినంతసేపు ఎద్దులా నెట్టాలి. బంతి బయటికి రాగానే కుక్కపిల్లలా దాని వెంట పడాలి. ఆ ముగ్గురిలో నట్టనడుమ నిలబడేది ఎనిమిదో నంబరు. మన పాలెం పిల్ల వీరదుర్గకి కావలసింది ఆ చోటు.

పల్లెపాలెంలో ఆడపిల్ల నడక వచ్చిన నాటినుంచి ఈ రెండు పనులే చేస్తుంది. ఒడ్డు నుంచి లాగే పెద్ద వల ఉంటుంది, అలివి వల అంటారు. దాని తాడు పట్టుకుని, సముద్రం వైపు ముఖం పెట్టి, మడమలు ఇసకలో గుచ్చి వెనక్కి వెనక్కి నడుస్తూ లాగాలి. అందరికంటే ముందు మెరకకి చేరినవాళ్ళు తాడు వదిలి, పరుగున నీళ్ళ దగ్గరికి వెళ్ళి మళ్ళీ అక్కడ పట్టుకోవాలి. అలా తిరుగుతూనే ఉండాలి. వల ఒడ్డెక్కాక అందులో పడ్డ కవళ్ళ చేపల్ని కాకులు ఎత్తుకుపోకుండా వాటి ముక్కుల్లోంచి లాక్కోవాలి. ఇన్నేళ్ళు కాకి దగ్గర లాక్కున్న పిల్లకి అవతలి జట్టు దగ్గర బంతి లాక్కోవడం ఎంత పని?

ఈ సంగతి మొదట కనిపెట్టింది హైస్కూల్లో ఆటలు నేర్పే సీమోను మాస్టారు. బంతి తెచ్చి ఇసకలో పడేశాడు. ఒక్క నెల తిరిగేసరికి ఆయన దగ్గర పదకొండు మంది తయారయ్యారు. పదకొండు మందీ వెనక వరసే. ఇంకో చోట నిలబెడితే ఎవరికీ కాలు నిలవదు.

సాయంత్రాలు వల యజమాని కోటిలింగం తాత పడవ నీడన కూర్చుని మాస్టారు ఫోన్లో ఇంగ్లండు మ్యాచ్‌లు చూపించేవాడు. అక్కడా ఇదే గొడవట. వారానికో కొత్త కుర్రాడు పుట్టుకొస్తున్నాడు, ఒకణ్ణి మించి ఒకడు, అందరూ వెనక వరసవాళ్ళే. ఉన్నవి మూడు చోట్లు. ఎవణ్ణి ఆడించాలి, ఎవణ్ణి కూర్చోబెట్టాలి అని అక్కడి పెద్దలు తల పట్టుకుంటున్నారని మాస్టారు చదివి చెప్పాడు.

కోటిలింగం తాతకి ఆ బాధ అర్థం కాలేదు. "వల లాగేవాళ్ళు ఎక్కువయ్యారని ఏడ్చే యజమానిని నేనెక్కడా చూళ్ళేదు మాస్టారూ. వాళ్ళకి వల చిన్నదేమో అడగండి" అన్నాడు.

వీరదుర్గ మాత్రం నవ్వలేదు. బల్ల మీద కూర్చున్న ఆ ఇంగ్లండు కుర్రాళ్ళ ముఖాలే చూస్తూ ఉండిపోయింది. నిరుడు జిల్లా జట్టు ఎంపికకి తను కూడా గుడివాడ వెళ్ళింది. ఒక్క నిమిషం ఆడనివ్వలేదు. ఎండలో కూర్చుని ఆడేవాళ్ళకి నీళ్ళ సీసాలు అందించి, చివరి బస్సుకి వెనక్కి వచ్చింది. ఆ కుర్రాళ్ళు కూర్చున్న తీరు తనకి తెలుసు. మోకాళ్ళ మీద చేతులు పెట్టి, నవ్వుతున్నట్టు ముఖం పెట్టి.

ఈ ఏడు ఎంపికకి పదకొండు మందీ వెళ్ళారు, వెంట మాస్టారూ, కోటిలింగం తాతా. దివిసీమ నుంచి పులిగడ్డ వారధి దాటి నాగాయలంక పిల్లలు నలుగురు వచ్చారు. వాళ్ళ ఖర్మ కొద్దీ వాళ్ళూ వెనక వరసే.

ఎంపిక చేసే ఆయన పేరు రాజకుమార్ గారు. మెడలో విజిల్, కళ్ళకి నల్ల అద్దాలు, ఇస్త్రీ నలగని చొక్కా. పొద్దుటి నుంచి అందరినీ పరిగెత్తించి, నెట్టించి, చివరికి పేర్లు చదివాడు. పల్లెపాలెం నుంచి ముగ్గురు. ఎనిమిదో నంబరు ఎర్ర చొక్కా తీసి వీరదుర్గ చేతిలో పెట్టాడు.

చొక్కా కొత్తది. ఇంకా కవరు వాసన పోలేదు. వీరదుర్గ దాన్ని తల మీంచి తొడుక్కుంది. వీపు మీద అంకె కనపడదు గాని, బరువు తెలుస్తూనే ఉంది. ఇక రాష్ట్రం క్యాంపు, అక్కడ పది రోజులు ఆట, ఎవరికీ నీళ్ళు అందించక్కర్లేదు. తిరిగి చూసింది. మేనమామ కూతురు పెద్దింట్లమ్మ సంచీలోంచి నీళ్ళ సీసాలు తీసి వరసగా పెడుతోంది. ఎవరూ చెప్పకుండానే.

మిగతావాళ్ళ మాట ఏమిటని సీమోను మాస్టారు అడిగితే రాజకుమార్ గారు ఓపిగ్గానే జవాబిచ్చాడు. ఉన్నవి మూడు చోట్లు, అందరూ ఒకే బాపతు పిల్లలు, తనేం చేస్తాడు? కావాలంటే కబడ్డీకి పంపించండి అన్నాడు. "ఇంగ్లండువాళ్ళే బంగారంలాంటి కుర్రాళ్ళని బయట కూర్చోబెడుతున్నారు మాస్టారూ. మీ పిల్లలెంత?"

వీరదుర్గ చొక్కా విప్పింది. లోపల పాత బడి బనియను ఉంది. చొక్కాని మడత పెట్టి, మడత సరిగ్గా రాకపోతే విప్పి మళ్ళీ మడత పెట్టి, ఆయన చేతికిచ్చింది.

"వాళ్ళు కూర్చుంటారేమోనండి. మేం కూర్చోం."

ఆమె వెనకే మిగిలిన ఇద్దరూ చొక్కాలు విప్పేశారు. పెద్దింట్లమ్మ పరిగెత్తుకొచ్చి వీరదుర్గ చెయ్యి పట్టి లాగింది. "నీకేమన్నా పిచ్చా వదినా? మా కోసం నువ్వెందుకు మానుకోవడం? తొడుక్కో ముందు."

"మీ కోసం అని ఎవరన్నారే? నిరుడు కూర్చున్నది నేను. ఆ కూర్చోడం నాకు నచ్చలేదు, అంతే."

రాజకుమార్ గారు నల్ల అద్దాలు నుదుటి మీదకి నెట్టుకున్నాడు. ఏం కావాలమ్మా మీకు అని అడిగాడు. వీరదుర్గ చెప్పింది. పల్లెపాలెం పదకొండు, దివిసీమ నలుగురు, ఒక జట్టుకి కావలసిన లెక్క సరిగ్గా పదిహేను. ఇప్పుడే, ఇక్కడే మీ జిల్లా జట్టుతో ఆడతాం. ఒక్క ట్రై కొడితే, అంటే బంతిని తీసుకెళ్ళి ఒక్కసారి మీ గీత అవతల నేలకి ఆనిస్తే, పదిహేను మందినీ క్యాంపుకి తీసుకెళ్ళాలి. కొట్టలేకపోతే ఇంకెప్పుడూ గుడివాడ గ్రౌండు తొక్కం.

పదిహేను మందీ వెనక వరసవాళ్ళేనా అని ఆయన అడిగాడు. పదిహేను మందీ అంది. ఆయన నవ్వాపుకోలేకపోయాడు. సరే అని విజిల్ ఊదడానికి ఒక కుర్ర రిఫరీని పిలిచాడు.

ఇక్కడ మొదట చెప్పిన గొప్ప ఒకటి దించుకోవాలి. ఇంగ్లండు సంగతి దేవుడెరుగు, ఆ పూట జిల్లా జట్టులో మిగిలిన గుడివాడ పిల్లలే మనవాళ్ళని ఉతికి ఆరేశారు. పదిహేను మంది వెనక వరసవాళ్ళతో జట్టు కట్టడమంటే, పదిహేను గరిటెలు పెట్టుకుని గిన్నె లేకుండా వంట మొదలుపెట్టడమే. బంతి కాలితో తన్నగలిగినవాళ్ళు లేరు. ఒకసారి నాగాయలంక పిల్ల తన్నితే అది వెనక్కి ఎగిరి కోటిలింగం తాత వేరుశనక్కాయల పొట్లంలో పడింది. అంచున నిలబడవలసిన పిల్లలు నిలబడలేక, బంతి ఎక్కడుంటే అక్కడికి పదిహేను మందీ పరిగెత్తారు. మిగతా గ్రౌండంతా ఖాళీ. గుడివాడ పిల్లలు ఆ ఖాళీలో షికారుకెళ్ళినట్టు వెళ్ళి ట్రైలు కొట్టుకున్నారు.

మనవాళ్ళకి ఆశ ఒక్కచోటే. బంతి ఉన్న పిల్లని అవతలివాళ్ళు పట్టుకున్నా ఆమె పడిపోకుండా నిలబడితే, తనవాళ్ళు వచ్చి అతుక్కుని, ఆ ముద్ద ముద్దనంతా ముందుకి నెట్టుకుపోవచ్చు. దాన్ని మాల్ అంటారు. బంతిని చేతులు మార్చి చివరివాళ్ళ దగ్గర దాచుకోవచ్చు. నియమం ఒకటే, కొత్తగా అతుక్కునేవాళ్ళు వెనక నుంచే రావాలి.

నెట్టడం మొదలుపెడితే మనవాళ్ళ ముందు ఎవరూ నిలవలేదు. గుడివాడ పిల్లల బూట్లు నల్లమట్టిలో చాళ్ళు తీశాయి. కాని నాలుగడుగులు పోయేసరికి, అందరికంటే వెనకున్న పిల్ల పట్టు వదిలి పరుగున ముందుకి వచ్చి అక్కడ అతుక్కునేది. విజిల్. బంతి అవతలివాళ్ళకి. మళ్ళీ నెట్టారు, మళ్ళీ చివరి పిల్ల ముందుకి పరిగెత్తింది, మళ్ళీ విజిల్. మాస్టారు గీత బయట నెత్తి కొట్టుకుంటున్నాడు. పిల్లలు కావాలని చేయడం లేదు. ముఖం ఎటుంటే అటు పరిగెత్తి తాడు అందుకోవడం చిన్నప్పటి నుంచీ కాళ్ళకి పట్టిన అలవాటు. ముఖానికి ఎదురుగా సముద్రం ఉండేది ఇన్నాళ్ళూ. ఇవాళ గుడివాడ జట్టు ఉంది.

సగం ఆట అయ్యేసరికి అందరి ముఖాలూ మట్టి. పెద్దింట్లమ్మ, చొక్కా ఉంచుకుంటే పోయేదిగా వదినా అని గొణిగింది. వీరదుర్గ వినపడనట్టు మోచేతి మట్టి దులుపుకుంది. వినపడింది.

కోటిలింగం తాత లేచి వచ్చి పిల్లల మధ్యలో నిలబడ్డాడు. ఆట నియమాలు ఆయనకి తెలియవు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు. ఒక్కటే అడిగాడు.

"తాడు వదిలినదల్లా ఎటు పరిగెడుతుందే? సముద్రం వైపుకి గదా పరిగెత్తాలి."

"గుడివాడలో సముద్రం ఎక్కడుంది తాతా?" అంది పెద్దింట్లమ్మ. ఏడుపులోనే అందరికీ నవ్వొచ్చింది.

వీరదుర్గకి రాలేదు. అటు చూసింది, ఇటు చూసింది. ఇసక మీద తాడు పట్టుకున్నట్టు చేతులు ముందుకి చాపి రెండడుగులు వెనక్కి నడిచింది. ఆగింది. ముఖం ఎటుందన్నది కాదు, కాళ్ళు ఎటు పోతున్నాయన్నదే లెక్క. వల దగ్గర కాళ్ళు పోయేది మెరక వైపు. అందరికంటే ముందు మెరక చేరినదే వదిలేసి చివరికి వెళుతుంది. ఇక్కడ మెరక అంటే గుడివాడవాళ్ళ గీత.

"సముద్రం మన వెనకాల ఉందే" అంది. "వెనకున్నది కాదు వదలాల్సింది. ముందున్నది అలిసిపోగానే వదిలి, చుట్టూ తిరిగి వెనక్కి పరిగెత్తాలి. వెనక్కి, సముద్రంలోకి."

అది నోటితో చెప్పినంత తేలిగ్గా కాళ్ళకి ఎక్కలేదు. రెండో సగంలో కూడా రెండుసార్లు విజిల్ పడింది. గుడివాడవాళ్ళు ఇంకో రెండు ట్రైలు కొట్టారు. ఎండ వాలింది. రాజకుమార్ గారు చేతి గడియారం చూసుకున్నాడు.

అప్పుడు గ్రౌండు నడుమ వీరదుర్గ బంతి పట్టుకుని సూటిగా వెళ్ళి గుడివాడ పిల్లలిద్దరిని గుద్దుకుని నిలబడిపోయింది. మనవాళ్ళు వెనక నుంచి వచ్చి అతుక్కున్నారు. ముద్ద కదిలింది. ముందున్న పిల్ల ఊడిపోయింది, ఊడి వెనక్కి పరిగెత్తింది, మళ్ళీ అతుక్కుంది. ఆ తరవాతది ఊడింది, అదీ వెనక్కే. విజిల్ పడలేదు. ఒడ్డున పాట లేకుండా వల లాగరు గదా, ఎవరో అందుకున్నారు, హైలెస్సా అని. పదిహేను గొంతులు పలికాయి. బంతి చేతులు మారుతూ వెనక్కి వెనక్కి పోతోంది, జట్టు ముందుకి ముందుకి పోతోంది. గుడివాడ పిల్లలు ఒక్కొక్కరే జారిపోయారు. మధ్యలో ఇరుక్కున్న రిఫరీని కూడా మనవాళ్ళు నోట్లో విజిల్‌తో సహా మోసుకుపోయారు. గీత దాటారు, గోలు కర్రలు దాటారు, గోలీ సోడా బండి తగిలాక ఆగారు. తీరా చూస్తే గీత దాటిన చోటే బంతి నేల మీద ఉంది, దాని మీద పెద్దింట్లమ్మ బోర్లా పడుకుని ఉంది. కాకులు రాకుండా కాపలా కాస్తున్నట్టు రెండు చేతులూ కప్పుకుని.

ఓడారు. చాలా ఘోరంగా ఓడారు. ఎంత తేడాతో అని పల్లెపాలెంలో ఇప్పటికీ ఎవరూ అడగరు. గుడివాడవాళ్ళు చెప్పబోయినా వినరు.

రాజకుమార్ గారు చాలాసేపు అద్దాలు తుడుచుకున్నాడు. పదిహేను మందిని క్యాంపులో ఎక్కడ పడుకోబెట్టాలి, ఏం పెట్టాలి అని మాస్టారుతో తగువు వేసుకున్నాడు. మాట ఇచ్చారు కదండీ అని వీరదుర్గ అంది. సరే పదండి అన్నాడు ఆయన. క్యాంపులో మాత్రం చోట్లు మూడే, కొట్టుకు చావండి అని కూడా అన్నాడు. అని, ఎర్ర చొక్కా తెచ్చి పెద్దింట్లమ్మ ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు.

బస్సులో పెద్దింట్లమ్మ ఆ చొక్కా తీసి వీరదుర్గ వైపు చాపింది. వీరదుర్గకి అది కావాలి. పొద్దున ఎంత కావాలో ఇప్పుడూ అంతే కావాలి. చెయ్యి మాత్రం చాపలేదు.

"ఉంచుకో. క్యాంపులో నీ దగ్గర లాక్కుంటాను."

"లాక్కో చూద్దాం వదినా" అంటూ పెద్దింట్లమ్మ మట్టి బనియను మీదే చొక్కా తొడుక్కుంది. కౌతరం దాటేసరికి వీరదుర్గ భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. వీపు మీది ఎనిమిది సీటుకి ఆనుకుని నలిగిపోతోంది.

ఇందులో వినేవాళ్ళు నమ్మకూడనిది ఒకటుంది, కథ చెప్పేవాడే ఒప్పేసుకుంటే మర్యాదగా ఉంటుంది. రిఫరీని ఎవరూ మోసుకుపోలేదు. ఆయన మంచి వయసు మీదున్న మనిషి, ముద్ద తన మీదకి రావడం చూసి తనే పక్కకి దూకాడు. సోడా బండి మాత్రం నిజం. దాని చక్రం ఇప్పటికీ వంకరే.