పరదా వెనక పీట

జఫర్‌గఢ్ బస్టాండు ఎదుట ఖాదర్ కుట్టు దుకాణానికి ఆడవాళ్లు రావడం తగ్గిపోయింది. కొత్త మోటారు మిషన్ తెస్తే గిరాకీ పెరుగుతుందని, లేదంటే దుకాణం మూసెయ్యాలని కొడుకు ఆరిఫ్ పట్టుబట్టాడు. ఖాదర్‌కు మనసొప్పలేదు. ఆ దుకాణం తను, భార్య జహీరా బేగం కలిసి పెట్టుకున్నది. ఆమె పోయాక అతనికి మిగిలింది అదొక్కటే.

ఆరిఫ్ కూతురు జోయా హైదరాబాద్‌లో బిజినెస్ అనలిస్టు. సెలవుకు వచ్చింది.

"గదేం కొలువు బిడ్డా?" అనడిగాడు ఖాదర్.

"కంపెనీవాళ్లు ఫలానాది చేసియ్యమంటరు దాదా. చేసేటందుకు వేరేటోళ్లుంటరు. అంతకన్న ముందుగాల, అదెందుకు, వాడేటోళ్లెవరు, వాళ్ల తిప్పలేంది అని అందర్ని నేను అడిగి తెలుసుకోవాలె. ఒక్కోసారి వాళ్లు అడిగేది ఒకటి, వాళ్లకు అక్కరున్నది ఇంకోటి."

"అడుగుడుకే జీతమిస్తరా?" అన్నాడు ఆరిఫ్.

"అడుగక చేస్తే మొత్తం ఇప్పి మళ్ల కుట్టుడే గద అబ్బా" అంది జోయా తండ్రితో.

ఖాదర్ గడ్డంలో నవ్వుకున్నాడు. "అయితే మన దుకాణం సంగతి జర అడిగి రా" అన్నాడు.

జోయా ఇంటింటికీ, చేన్లకూ తిరిగింది. పాత గిరాకీ నర్సమ్మ పత్తి ఏరుతూ చెప్పింది.

"మిషన్ ఏదైతే నాకేంది బిడ్డా? ఆది జాకెట్ ఇస్తే మీ దాదా అచ్చం గట్లనే కుడ్తడు. ఆ ఆది నా పెండ్లప్పటిది. నేను గట్లనే ఉన్ననా? సంకల కాడ వదులు పెట్టుమని మొగాయనకెట్ల చెప్పుదు? జహీరక్కకైతే అన్నీ చెప్పుకునేటోళ్లం."

జోయా అడిగిన ఆడవాళ్లందరిదీ అదే మాట. సాయంత్రం ఇంట్లో జోయా అదంతా చెప్పింది.

ఖాదర్‌కు ఒకప్పుడు దుకాణంలో పరదా వెనక వినబడే గుసగుసలు గుర్తొచ్చాయి. మెడలో టేపుతో జహీరా, ఆడవాళ్ల నవ్వులు, ఆపైన ఆమె గొంతు: "నర్సమ్మకు రెండు వేళ్లు వదులు." అతను తలెత్తకుండా సుద్దతో గీత గీసేవాడు. ఆమె పోయాక ఆ ఖాళీ చూడలేక పరదా ముందు బట్టల మూటలు పేర్చేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆ మూటలన్నీ తనే తీశాడు. లోపల జహీరా కూర్చునే పీట అలాగే ఉంది, కత్తిరింపు ముక్కలతో ఆమె కుట్టుకున్న మెత్త కూడా. దుమ్ము దులిపి కోడలు, జోయా తల్లి రుఖయ్యాను పిలిచాడు.

"ఇట్ల కూసో బేటీ."

"నాకు కొలతలు తెల్వయ్ మామూ."

"టేపు పట్టుడు నేను చూపిస్త. మిగిలింది వాళ్లే చెప్తరు. నువ్వు అడుగు."

జోయా కబురు చేస్తే మధ్యాహ్నానికి నర్సమ్మ వచ్చింది. పరదా పడింది. కాసేపటికి లోపల ఇద్దరూ నవ్వారు.

"సంకల కాడ రెండు వేళ్లు వదులు మామూ" అంది రుఖయ్యా.

ఖాదర్ చేతిలో సుద్ద ఒక్క క్షణం ఆగింది. తల దించుకుని గీత గీశాడు.