నిన్న వచ్చుంటే

ఆమె గోనెపట్టా నేల మీద పరిచి, అది నీళ్ళు పీల్చుకున్నాక బకెట్‌లోకి పిండి, మళ్ళీ పరుస్తోంది. ముందురోజు కుళాయి తిప్పి చూసి, నీళ్ళు రావడం లేదని అలాగే వదిలేసి పడుకున్నారు. తెల్లవారుతుండగా నీళ్ళు వచ్చాయి. సింకు తూముకి ఓ పళ్ళెం అడ్డంపడి ఉంది. నీళ్ళు సింకు నిండి, గట్టు మీంచి జారి, గదంతా పరుచుకున్నాయి. ఒంటిగది ఇల్లు కాబట్టి అవి పోయేందుకు వేరే చోటు లేదు.

మంచం మీద గోడకి దిండ్లు ఆనించుకుని ఆమె భర్త కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. కొన్నాళ్ళుగా కూర్చునే నిద్రపోతున్నాడు. ఒకప్పుడు బండరాయి పలకలు భుజానికెత్తుకుని మేడలెక్కిన మనిషి. ఇప్పుడు చొక్కా అతని మీద తాడుకి ఆరేసినట్టుంది. మెడ కింద గుంట ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి పోతోంది.

"జలపాతం చూడలేదని ఏడ్చావుగా," అన్నాడు. ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "అదే వచ్చింది."

"కాళ్ళు పైకి పెట్టుకో బావా, తడుస్తాయి."

"నిన్న వచ్చుంటే..."

"...బాగా కనబడేది," అని ఆమె పూర్తి చేసింది.

ఆ మాట వాళ్ళింట్లో ఉప్పు లాంటిది. రోజూ దేంట్లోనో ఒకదాంట్లో పడాల్సిందే.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఓ కొండ చూడ్డానికి వెళ్ళారు. అంతకుముందు ఎక్కడికీ వెళ్ళలేదు, ఆ తరవాతా వెళ్ళలేదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు ఊగినప్పుడు కొత్త సంచి జిప్పు తెగి, బట్టలన్నీ ముందు సీటు ముసలాయన ఒళ్ళో పడ్డాయి. కొండ చివరి దాకా ఆమె ఆ సంచిని చంటిపిల్లలా ఎత్తుకునే కూర్చుంది. పైన మంచు. కింద లోయ ఉందన్నారు, జలపాతం ఉందన్నారు. వాళ్ళకి కనిపించింది ఇనుప కడ్డీల కంచె ఒక్కటే. కంచె దగ్గర టోపీ పెట్టుకున్న కాపలాదారు, "నిన్న వచ్చుంటే బాగా కనబడేదండీ," అన్నాడు. మర్నాడు మళ్ళీ ఎక్కారు. మళ్ళీ మంచే. కాపలాదారు మళ్ళీ అదే మాట అన్నాడు.

"నిన్న వచ్చింది మేమేనయ్యా," అన్నాడు బావ.

కాపలాదారు వాళ్ళని పైకీ కిందికీ చూశాడు. "అయితే మొన్న," అన్నాడు.

దిగేదాకా నవ్వుతూనే ఉన్నారు. అప్పుడే బావకి దగ్గు మొదలైంది. చలి పడలేదనుకున్నారు.

తరవాత ఇంట్లో ఏం జరిగినా ఆ మాటే. అన్నం మాడితే, తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకుంటే, ఎర్ర తువ్వాలు కలిపి ఉతికి ఆమె తెల్లచీరని గులాబీరంగు చేసేస్తే. ఒకసారి చూడ్డానికొచ్చిన మావయ్య నెత్తిన కిటికీ తెర కమ్మీ ఊడిపడింది. ఆయన తల పట్టుకుని కూర్చుంటే బావ నీళ్ళు తెచ్చిచ్చి, "నిన్న వచ్చుంటే బాగుండేది మావయ్యా," అన్నాడు. ఆయన ఇప్పటికీ కోపంగానే ఉన్నాడు.

ఆస్పత్రిలో కూడా అంతే. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. రాళ్ళు కోసే మిషను దుమ్ము ఊపిరితిత్తుల నిండా పేరుకుపోయిందన్నాడు. "కొంచెం ముందే వచ్చుంటే..." అన్నాడు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలీదు. నవ్వి నవ్వి బావకి దగ్గొచ్చింది, దగ్గులోంచి రక్తపు చార వచ్చింది. డాక్టరు కలం కింద పెట్టేశాడు.

మంచం కింద పట్టా తోస్తుంటే ఆమె చేతికి ఆ సంచి తగిలింది. అడుగంతా నాని బరువెక్కింది. బయటికి లాగి, లోపలున్న ఉన్నిబట్టలు తీసి, గదికి అడ్డంగా కట్టిన తాడు మీద, ఆరేసి ఉన్న తన చీరల పక్కన వేసింది. ఆమె స్వెటరు, అతని స్వెటరు, కొండమీద కొన్న ఆమె టోపీ.

"ఊరందరి సంచులూ బాగుచేస్తావు," అన్నాడతను. "మనదాని నోరు మాత్రం మూయించలేవు."

"తీరిక దొరకొద్దూ!"

తీరిక లేక కాదు. జిప్పు బాగుచేసుకుని మళ్ళీ వెళ్దామని అతను ఎప్పట్నుంచో అంటున్నాడు. ఆమె అదిగో ఇదిగో అంటోంది. జిప్పు తెగి ఉన్నంతకాలం వాళ్ళు వెళ్ళలేకపోవడానికి జిప్పే కారణం. అది బాగైపోతే ఇక ఏ కారణం చెప్పుకోవాలి? మంచం నుంచి బాత్రూము దాకా నడవడానికే అతను మధ్యలో గోడ పట్టుకుని ఆగుతున్నాడు.

"ఇవాళ చేస్తావా?" అన్నాడు. వేళాకోళంగా అనలేదు. ఆమె చేతి గాజుల దగ్గర పట్టుకుని అడిగాడు. అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నువ్వు ఆ జలపాతం చూడాలి."

"సరే. ఇవాళ."

గ్లాసులో నీళ్ళు, నోట్లోకి కొట్టుకునే మందు చేతికందేలా స్టూలు మీద పెట్టింది. పక్కింటి పిన్ని తలుపు కొట్టి, మధ్యాహ్నం ఒకసారి చూడమని చెప్పింది. తడిసంచి చంకలో పెట్టుకుని బయల్దేరింది.

సంచులు బాగుచేసే కొట్టు ఓ పాతమేడ మెట్ల కింద ఉంది. పైకప్పు ఏటవాలు. ఆమె కుట్టుమిషను దగ్గర తలెత్తితే మెట్టు తగులుతుంది. పైన ఎవరు దిగినా ఆ అడుగులు ఆమె నెత్తి మీద పడ్డట్టే. యజమానిని అందరూ బాబాయి అంటారు. బాబాయి చక్రాలూ పిడులూ చూసుకుంటాడు, జిప్పులు ఆమెవి. ఏ సంచి వచ్చినా ముందు బయటికి తీసుకెళ్ళి తలకిందులు చేసి దులుపుతుంది. కుట్లలోంచి ఇసక రాలుతుంది, ఎండిన ఆకులు, బిస్కెట్ పొడి. ఏ సంచి సముద్రం చూసిందో, ఏది అడవి చూసిందో ఆ చెత్త చూస్తే తెలిసిపోతుంది.

ఎండ ఎక్కాక ఓ కొత్తజంట వచ్చింది. అమ్మాయి చేతుల గోరింటాకు రంగు ఇంకా పోలేదు. పెద్ద పెట్టె, పొట్ట పగిలినట్టు నోరు తెరుచుకుని ఉంది.

"సాయంత్రం బస్సండీ," అన్నాడు అబ్బాయి. "ఎక్కి కూర్చుంటే మూతపడుతుందంది. కూర్చుంది."

"నేను కూర్చోబట్టి కాదు, నువ్వు లాగబట్టి."

"చూశారా? అత్తగారింట్లో మాట పెగలదు. ఇక్కడ చూడండి."

ఆమె నవ్వింది. ప్లయరుతో జిప్పు రన్నరు రెండు పెదాలూ కొద్దిగా నొక్కింది. మైనం ముక్కతో పళ్ళ మీద రుద్దింది. లాగింది. జిప్పు మూలమలుపు తిరిగి పూర్తిగా మూసుకుంది. ఎక్కడికని అడిగితే, ఆ కొండ పేరే చెప్పారు.

"మీరు వెళ్ళారా అక్కా? బాగుంటుందా?" అంది అమ్మాయి.

ఆమె చేతిలో మైనం ముక్కని కాసేపు తిప్పింది. "బాగుంటుంది. పొద్దున్నే వెళ్ళి కంచె దగ్గర నిలబడండి. అంతా కనబడుతుంది," అంది.

పని అయ్యేసరికి ఎండ మెట్ల మీంచి దిగి వీధికి పోయింది. బాబాయి తలుపు రేకు సగం దించాడు.

"నువ్వు లేవలేదేం? రోజూ ఈపాటికి చెప్పులేసుకుంటావుగా."

"ఇది మా సంచి బాబాయ్."

"ఇన్నేళ్ళు ఆగింది, రేపటిదాకా ఆగదా?"

"ఇవాళ చేస్తానన్నాను."

ఆయన రేకు మళ్ళీ పైకి లేపి, బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

రన్నరు మారిస్తే చాలనుకుంది. ఆ కొలత రన్నరు డబ్బాలో లేదు. పాత జిప్పు పళ్ళు కూడా ఎప్పుడో తుప్పుపట్టాయి. బ్లేడుతో కుట్టంతా విప్పింది. పెట్టెలకి వాడే లావు జిప్పు కోసి, గుండుసూదులు పెట్టి, మిషను కింద నెమ్మదిగా తోసింది. తడిబట్ట సూదికి మొరాయించింది. రెండుసార్లు దారం తెగింది. మూలల దగ్గర విప్పి మళ్ళీ కుట్టింది.

కుడుతూ ఉండగా ఎప్పుడూ రాని ఆలోచన ఒకటి వచ్చింది. బస్సు ఎక్కలేకపోతే కారు మాట్లాడుకోవచ్చు. కంచె దాకా కారు వెళుతుంది. అతను దిగక్కర్లేదు, అద్దం దించుకుని చూస్తే చాలు. మంచున్నా ఫరవాలేదు, ఇద్దరూ కలిసి మంచునే చూస్తారు. ఆ కాపలాదారు ఇంకా ఉంటే బావ ఏదో ఒకటి అనకుండా ఉండడు. ఏమంటాడో ఆలోచిస్తే ఆమె పెదవులు విచ్చుకున్నాయి. చివరి దారం కొరికి, మైనం రుద్ది, జిప్పు ఆ కొస నుంచి ఈ కొసకి లాగింది. ఎక్కడా ఆగలేదు. ఆ చప్పుడు కోసం ఇంకోసారి లాగింది.

వీధి మొదట్లో ఉండగానే వాళ్ళింటి ముందు మనుషులు కనిపించారు. మళ్ళీ నీళ్ళు వచ్చి ఉంటాయనుకుంది. కుళాయి కట్టేసే వచ్చానే అనుకుంటూ గబగబా నడిచింది. దగ్గరికి వస్తుంటే వాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

పిన్ని గుమ్మంలోకి వచ్చి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది.

"మధ్యాహ్నం బాగానే ఉన్నాడే తల్లీ. తాడు మీద బట్టలు అందుకోవడానికి లేచాడు. నేను తీసిస్తానంటే, వద్దు పిన్నీ, ఈ ఒక్క పని నన్ను చేసుకోనీ అన్నాడు. ఇందాక టీ తెస్తే ఇలాగే కూర్చుని ఉన్నాడు, నిద్రనుకున్నా. పిలిస్తే కళ్ళు తెరిచి, వచ్చిందా అన్నాడు. అంతే. నీకు కబురు పెట్టేలోపే..." పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కాస్త ముందు వచ్చుంటే కనబడేవాడమ్మా!"

ఆమెకి నవ్వు వచ్చేసింది. అది గొంతులోంచి బయటపడ్డాక గానీ నవ్వని తెలీలేదు. పిన్ని బెదిరిపోయి చేతులు తీసేసింది. ఆమె అలవాటుగా మంచం వైపు తిరిగింది, అతను కూడా విన్నాడా అని.

అతను దిండ్లకి ఆనుకునే ఉన్నాడు. మెడ కింద గుంట కదలడం లేదు.

ఆమె వెళ్ళి మంచం అంచున కూర్చుంది. సంచి ఒళ్ళోనే ఉంది. అతని కాళ్ళ దగ్గర బట్టలు మడతపెట్టి ఉన్నాయి, పలకలు పరిచినట్టు అంచుకి అంచు కలిపి. ఆమె చీరలు, వాటి మీద ఆమె స్వెటరు, అన్నిటికన్నా పైన ఆమె టోపీ. ఆమె ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. అట్టడుగు దాకా చూసింది. అన్నీ ఆమెవే.

తాడు మీద అతని స్వెటరు ఒక్కటే మిగిలింది, రెండు చేతులూ కిందికి వేలాడేసి. ఒక చేతి కొసన ఇంకా తడి ఆరలేదు.