బెజవాడ ఆటోనగర్ స్పోర్ట్స్ కారు

నేను ఒక స్పోర్ట్స్ కారుని. అసలుదాన్ని కాదు, నకలుని. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఎప్పుడో ఇంగ్లండులో కొన్నాళ్ళు తయారై, ఎవరి కంటా పెద్దగా పడకుండానే ఆగిపోయిన రెండు సీట్ల బండి ఒకటుంది. దానికి నకలు చేయాలని లోకంలో ఎవరికీ బుద్ధి పుట్టలేదు. బెజవాడ ఆటోనగర్‌లో బాడీలు కట్టే సత్తార్ సాయిబుకి పుట్టింది. పాత పత్రికలో బొమ్మ చూసి మనసు పారేసుకున్నాడట. ఫైబరుతో నా ఒళ్ళు పోశాడు, పాత వ్యాను ఇంజను పెట్టాడు, ముక్కు మీద తన పేరూ ఊరూ చెక్కిన ఇత్తడి రేకు బిగించాడు.

నన్ను మొదట కొన్న భీమవరం రొయ్యల వ్యాపారి ఆర్నెల్లకే విసిగిపోయాడు. ఎక్కేటప్పుడు ఒంగాలి, దిగేటప్పుడు పాకాలి, పైగా చూసినవాడల్లా "ఇదేం బండండీ?" అని అడుగుతాడు. పేరున్న కారుకి నకలైతే గొప్పలు చెప్పుకోవచ్చు. నాతో ఆ సుఖం కూడా లేదు.

తర్వాత అనకాపల్లి పళ్ళ డాక్టరు కాత్యాయని చేతికొచ్చాను. ఆవిడకి ఆ ప్రశ్నే ఇష్టం. పెట్రోలు బంకులో ఎవరైనా అడిగితే చాలు, వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నా బానెట్టు ఎత్తి చూపిస్తుంది. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద నన్ను పరిగెత్తిస్తూ తనలో తాను నవ్వుకుంటుంది. ఆ నవ్వంటే నాకు ప్రాణం. ఆవిడ కోరిక ఒక్కటే: నలుగురూ నన్ను కూడా ఒక కారుగా లెక్కలోకి తీసుకోవాలి.

విశాఖ బీచ్ రోడ్డులో పాత కార్ల ప్రదర్శన పెట్టారు. బయల్దేరే ముందు కాత్యాయని తమ్ముడు వాసు నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముక్కుకి జానెడు మందాన బంతిపూల దండ కట్టాడు. సత్తార్ పేరు దాని వెనక దాక్కుపోయింది. పూజ చేసిన బండి కదా, దండ తొలగించి చూడటానికి జడ్జి నరసింగరావు మొహమాటపడ్డాడు. నన్ను ఇంగ్లండు నుంచి దిగిన అసలు బండే అనుకున్నాడు. మొదటి బహుమతి నాకే అని మైకులో చెప్పేశారు.

"నోరు మెదపకు అక్కా," అన్నాడు వాసు గొంతు తగ్గించి. "కప్పు ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

కాత్యాయని కప్పు వంక చూసింది. ఇన్నేళ్ళుగా కోరుకున్నది చేతికందుతోంది. నాకూ ఆశ పుట్టింది, దాచడం దేనికి? కానీ ఆ కప్పు వస్తున్నది ఇంకో బండి పేరు మీద. ఆవిడ దండ పక్కకి జరిపింది.

"ఇది బెజవాడలో తయారైందండీ. సత్తార్ గారి చేతిపని."

నరసింగరావు మొహం కందిపోయింది. "నకిలీ బండిని ఇక్కడికెందుకు తెచ్చారమ్మా?"

"నకిలీ ఏంటండీ? నేను కట్టిన పళ్ళతో మా ఊరు ఊరంతా చెరుకు నములుతోంది. వాటినీ నకిలీ అంటారా?"

జనం గొల్లున నవ్వారు. కప్పు మాత్రం పక్క కారుకి వెళ్ళింది.

సాయంత్రం అసలు కార్లన్నీ ముసుగులు కప్పుకుని లారీలెక్కాయి. రోడ్డు మీద నడిపితే అరిగిపోతాయట. నాకు ఆ బెంగ లేదు. కాత్యాయని తాళం తిప్పగానే ఒక్క పిలుపుకే పలికాను. అప్పుడు నరసింగరావు మెల్లగా వచ్చి నా తలుపు పక్కన నిలబడ్డాడు.

"ఎన్నేళ్ళుగానో ఈ కార్లకి మార్కులు వేస్తున్నానమ్మా. ఒక్కరూ ఎక్కించుకోలేదు. మీరేమైనా..."

వాసుని బస్సెక్కమని చెప్పి, కాత్యాయని ఆయనకి తలుపు తీసింది. భీమిలి రోడ్డు మీద నాలుగో గేరు పడేసరికి ఆ పెద్దమనిషి కిటికీలోంచి కొట్టే గాలికి ఎగిరిపోతున్న కళ్ళజోడు రెండు చేతులా పట్టుకుని, "ఇంకొంచెం తొక్కమ్మా!" అని కేకేశాడు.